మృగశిరకు నారు పోయాలె: ట్రేలా, కప్పులా, గురుగులా? ఏది పెట్టాలో చెప్పండి

మిద్దెతోట_హన్మకొండ · మే 22, ఉదయం 7:40

అందరికీ నమస్తే. మృగశిర కార్తె దగ్గరపడ్డది. ఈసారి నారు కొనకుండా ఇంట్లోనే పోద్దామని ఆలోచన. కావాల్సినవి: టమాట 12 మొక్కలు, మిర్చి 10 (అందులో సగం చపాటా, మన వరంగల్ దిక్కు పొట్టి లావు మిర్చి), వంకాయ 6, సొర, బీర, కాకర రెండేసి తీగలు, బతుకమ్మకు బంతి ఓ ముప్ఫై. తోటకూర, పాలకూర, పుంటికూర నేరుగా కుండీల్లోనే చల్లుతా.

విత్తనాల దుకాణంలో నల్ల ట్రేలు 50 గడులవి, 98 గడులవి ఉన్నాయి. కొబ్బరి పీచు కుండీలు కూడా అమ్ముతున్నరు, "మొక్కతో సహా నాటేయొచ్చు" అని. ఇంట్లో చూస్తే పేపర్ కప్పులు, పెరుగు డబ్బాలు, గుడ్ల అట్టలు ఉన్నయి. మిద్దె మీద తూర్పు వైపు పిట్టగోడ పక్కన 6 అడుగుల జాగ. మధ్యాహ్నం 12 తర్వాత ఫుల్ ఎండ. ఏది పెట్టాలె?

నారుమడి_పరకాల · మే 22, ఉదయం 8:25

డబ్బా సంగతి తర్వాత. నారు అందులో ఎన్ని రోజులు కూర్చుంటదో ముందు చూడండి, సైజు దాన్నిబట్టే. తీగజాతి 12–15 రోజులు, బంతి 20–25, టమాట 22–25, వంకాయ 30–35, మిర్చి 35–40.

ఈ ట్రేలు బయటి కొలత అన్నీ దాదాపు ఒకటే, 54 × 27 సెంటీమీటర్లు. 98 గడులదంటే 14 వరుసలు, వరుసకు 7. గడి నోరు మూడు సెంటీమీటర్ల పైచిలుకు, లోతు నాలుగు. 50 గడులదంటే 10 వరుసలు, వరుసకు 5. గడి నోరు సుమారు 5 సెంటీమీటర్లు. బెంగళూరు ఐ.ఐ.హెచ్.ఆర్. (భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ) పద్ధతిలో 98 గడుల ట్రేకు తేమ కోకోపీట్ (కొబ్బరి పొట్టు) 1.2 కిలోలని లెక్క. అంటే గడికి 12 గ్రాములు. ఆ పిడికెడు కూడా లేని పొట్టులో మిర్చి 40 రోజులు ఉండాలంటే మేత బయటి నుంచి పెట్టాలి, ఎండకు రోజుకు రెండుసార్లు తడపాలి. ఎకరాలకు ఎకరాలు వేసే రైతుకు అది గిట్టుబాటు. పది మొక్కలకు ఆ కష్టం దేనికి?

బంతికి 98 ట్రే సరిపోతుంది. టమాటకూ నడుస్తుంది. మిర్చి, వంకాయలకు 50 గడులది తీసుకోండి, లేదా ఏదైనా 150–200 మిల్లీలీటర్లు పట్టే కప్పు. మరీ పెద్ద కుండీ మొదట్లోనే వద్దు. చిన్న మొలక, చుట్టూ పెద్ద తడి ముద్ద ఉంటే పీల్చే వేరు ఉండదు, పోసిన నీళ్లు నిలిచిపోతాయి. నారు కుళ్లేది అక్కడే.

ట్రే కొనేటప్పుడు మూల పట్టుకుని వంచి చూడండి. పాల ప్యాకెట్ లెక్క మెతకగా వంగితే నిండు ట్రేను ఎత్తగానే నడుమ మడత పడి మట్టి కట్టలు పగులుతాయి. అట్లాంటిది దొరికితే కింద ఒక అట్టో చెక్కో పెట్టి ఎత్తాలి.

చెలక_జనగామ · మే 22, ఉదయం 9:10

అన్నా, గిన్ని మొక్కలకు ట్రే ఎందుకే. పెరుగు డబ్బాలు మస్తుంటయి. 400 గ్రాములది ఓ 8 సెంటీమీటర్ల లోతు ఉంటది, మిర్చికి, వంకాయకు పక్కా. కాకపోతే పొక్కలు మంచిగ పెట్టాలె, అందరు చెడగొట్టేది గీడనే.

ఒక్కటే పొక్క అడుగు నడుమ పెడతరు. డబ్బాను స్లాబు మీద పెట్టంగనే ఆ పొక్క నేలకు అతుక్కుపోతది, నీళ్లు పోవు. పొక్కలు అడుగు అంచుకు పెట్టాలె, సగం అడుగుకు సగం గోడకు వచ్చేటట్టు. డబ్బాకు నాలుగు. పెన్ను రీఫిల్ దూరేంత పొక్క చిన్నది, మట్టికి పూడుకపోతది. పెన్సిల్ దూరాలె, 5–6 మిల్లీమీటర్లు. కత్తితోని పొడిస్తే చీరి పగులు పైదాక పోతది. దబ్బనం గానీ పెద్ద మొల గానీ పట్టుకారుతో పట్టి స్టవ్ మీద ఎర్రగ కాల్చి పెడితే అంచు కరిగి గట్టిపడతది. కిటికీ దగ్గర నిలబడి చెయ్యుండ్రి, ఆ పొగ మంచిది కాదు.

లోపలి నుంచి పొక్క మీద చిన్న న్యూస్ పేపర్ ముక్కనో కొబ్బరి పీచో పెట్టుండ్రి, మట్టి జారదు.

పాల ప్యాకెట్ కూడా పనికొస్తది. సబ్బుతోని లోపలంత కడగకపోతే నాలుగో రోజుకు వాసన, ఐదో రోజుకు చీమలు. అది ఒక్కటి నిలబడదు. ఏదన్న డబ్బాలనో క్రేటులనో పక్కపక్కకు ఇరికించి పెట్టాలె.

గురిగి · మే 22, ఉదయం 11:02

అందరూ ప్లాస్టిక్ గురించే చెప్తున్నారు. కుమ్మరి గురుగులు, కంచుళ్లు ఎందుకు వద్దు? మట్టిగోడ గాలి పీలుస్తుంది. తడి ఆవిరయ్యేటప్పుడు చల్లబడుతుంది. మన ఎండలకు అదే కదా కావాల్సింది.

నారుమడి_పరకాల · మే 22, ఉదయం 11:30

చల్లబడే మాట నిజం. కానీ ఏ నీళ్లు ఆవిరై చల్లబడుతుంది? మీరు మొలకకు పోసినవే. చాయ్ గ్లాసంత గురిగిలో నీళ్లెన్ని పడతాయి? రోహిణి కార్తెలో పొద్దున తడిపితే మధ్యాహ్నానికే అంచు నుంచి పొట్టు విడిపోయి సందు పడుతుంది. తర్వాత పోసిన నీళ్లు ఆ సందులోంచి కిందికి పోతాయే గాని వేరు దగ్గరికి చేరవు. పెద్ద కుండీకి మట్టి మంచిదే. గురిగిలో నారంటే రోజుకు మూడు తడులు.

ఇంకోటి, బోరు నీళ్ల ఉప్పు. మట్టిగోడ గుండా నీళ్లు పోతాయి, ఉప్పు అక్కడే ఆగుతుంది. నెలకు అంచంతా తెల్లగా పూస్తుంది. పాత గురుగులు వాడితే ముందు రాత్రంతా నానబెట్టి, పీచుతో రుద్ది కడగాలి.

గురిగి · మే 22, మధ్యాహ్నం 12:15

ఒప్పుకుంటా, చిన్నవాటికి తడి నిలవదు. కానీ వెడల్పు కంచుడులో ఇసుక నింపి, తడిపి, దాని మీద కప్పులు పెట్టొచ్చు. కంచుడు చల్లదనం దానిది, కప్పు తడి దానిది. కప్పుల అడుగు స్లాబు వేడికి తగలదు.

నారుమడి_పరకాల · మే 22, మధ్యాహ్నం 12:40

ఇది బాగుంది. ఇసుక తడిగా ఉంటే చాలు, నీళ్లు తేలకూడదు.

ఓరుగల్లు_ఆకుకూర · మే 22, మధ్యాహ్నం 2:18

గుడ్ల అట్టల సంగతి ఎవరూ చెప్పట్లేదు? వీడియోలలో అందరూ అవే చూపిస్తున్నారు కదా.

చెలక_జనగామ · మే 22, మధ్యాహ్నం 2:51

అక్కా, వీడియో మూడో రోజు మొలకతోనే అయిపోతది. తర్వాత ఏమైతదో చూపియ్యరు. అట్ట గుంత లోతు రెండున్నర, మూడు సెంటీమీటర్లు. అట్టనే సగం నీళ్లు గుంజుకుంటది. మన ఎండకు పొద్దున తడిపింది పదింటికి ఎండుతది. నీడకు పెడితే ఎండదు గాని తెల్లబూజు పడతది. టమాట వేరు వారానికే అడుగు తాకి అట్టల జొరబడతది, పీకితే తెగుతది. మెంతి, ఆవాలు మొలకలు చూసుకోనీకి అయితే ఓకే.

ప్లాస్టిక్ గుడ్ల డబ్బా వేరే సంగతి. దాని మూత పారదర్శకంగ ఉంటది కాబట్టి మొలక వచ్చేదాక కప్పనీకి పనికొస్తది.

తడిపొడి_కాజీపేట · మే 22, సాయంత్రం 4:05

లోతు గురించి ఒక మాట. అడుగున కంకర, పెంకులు వేస్తే నీళ్లు బాగా దిగుతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి జరిగేది వేరు. గిన్నెలు తోమే స్పాంజి ముక్కతో చూడొచ్చు. నిండా నీళ్లలో ముంచి, అరచేతి మీద అడ్డంగా పరిచి పట్టుకోండి. కాసేపు కారి ఆగుతుంది. ఇప్పుడు పిండకుండా అదే ముక్కను నిలువుగా తిప్పండి. మళ్లీ కారుతుంది. స్పాంజి అదే, నీళ్లూ అవే, పెరిగింది ఎత్తు ఒక్కటే.

కప్పులో పొట్టు కూడా అంతే. ఏ డబ్బాలోనైనా అడుగున కొంత మందం ఎప్పుడూ తడిసిముద్దగా ఉంటుంది. ఆ మందం దాదాపు మారదు. 8 సెంటీమీటర్ల డబ్బాలో ఆ ముద్ద పైన గాలి ఆడే జాగ మిగులుతుంది. 3 సెంటీమీటర్ల గుంతలో మొత్తం అదే. అడుగున రెండు సెంటీమీటర్లు కంకర పోస్తే ముద్ద పోదు, కంకర మీదికి ఎక్కి కూర్చుంటుంది. వేరుకు ఉన్న లోతు కూడా తగ్గుతుంది. కాబట్టి కంకర వద్దు.

పొద్దస్తమానం పైనుంచి మగ్గుతో పోయొద్దు. పళ్లెంలో ఒక సెంటీమీటరు నీళ్లు పోసి కప్పులు నిలబెట్టండి. 15–20 నిమిషాల్లో పైమట్టి రంగు ముదురుతుంది. అప్పుడు తీసేయండి. రాత్రంతా నీళ్లలో వదిలేస్తే తెల్లారేసరికి గాలి ఆడక మొలకలు వాలిపోతాయి. అది చూసి ఎండిందనుకుని ఇంకా నీళ్లు పోస్తారు. అనుమానం వస్తే కప్పు ఎత్తి బరువు చూడండి, రెండు రోజుల్లో చెయ్యికే తెలుస్తుంది.

మిద్దెతోట_హన్మకొండ · మే 22, రాత్రి 8:30

స్పాంజి ఇప్పుడే చేసి చూశా, నిజమే! కప్పులు అని అందరూ అంటున్నరు కాబట్టి ఒకటి అడుగుతా: తెల్ల ప్లాస్టిక్ గ్లాసులు, పేపర్ చాయ్ కప్పులు రెండూ ఉన్నాయి. తేడా ఏమన్నా ఉంటదా? ఇంకా సొర, బీర ఎందులో పెట్టాలి?

నారుమడి_పరకాల · మే 22, రాత్రి 9:12

చాయ్ కప్పు 80–100 మిల్లీలీటర్లు. బంతికి, టమాటకు అయితే చాలు, మిర్చికి చిన్నది. పేపర్ కప్పు లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, భూమిలో కలిసిపోతుందనుకుని మొక్కతో సహా పాతేయొద్దు. వేరు ఆ పొర దాటదు. నాటే రోజు కప్పు చింపి తీసేయాలి. మూడు వారాలు దాటితే అడుగు అతుకు ఊడుతుంది. ఎత్తేటప్పుడు అడుగున చెయ్యి పెట్టండి.

తెల్ల, పారదర్శక గ్లాసుల్లో గోడ గుండా వెలుతురు పోతుంది. వారం పది రోజులకు గోడ వెంట పచ్చటి పాకుడు పడుతుంది, వేర్లు వెలుతురుకు ముడుచుకుంటాయి. చుట్టూ న్యూస్ పేపర్ చుట్టి రబ్బరు బ్యాండు వేస్తే చాలు. నల్లవాటికి ఆ సమస్య లేదు, వేడి సమస్య ఉంది. 42–43 డిగ్రీల రోజున నల్ల ట్రే పడమటి అంచు గడులు నడుమ గడుల కంటే ముందు ఎండుతాయి, అక్కడ మొలకలు రాకపోతే విత్తనాన్ని తిట్టొద్దు. టమాట, మిర్చి, వంకాయ మూడూ 25–30 డిగ్రీల దగ్గర బాగా మొలుస్తాయి, 35 దాటితే మొలక తగ్గుతుంది. అందుకే మీ పిట్టగోడ జాగ ఇప్పుడు వద్దు. 50 శాతం షేడ్ నెట్ కట్టండి, లేదా పొద్దున 10 దాకా మాత్రమే ఎండ తగిలే వరండా చూడండి. పాత థర్మోకోల్ పెట్టె అడుగున నాలుగు పొక్కలు పెట్టి కప్పులన్నీ అందులో సర్దితే పక్క గోడలకు వేడి తగలదు.

ఖని_పందిరి · మే 22, రాత్రి 10:20

తీగజాతి సంగతి నేను చెప్తా. సొర, బీర, కాకర, దోస దేనికీ వేరు కదపడం నచ్చదు. వీలైతే నేరుగా పెద్ద కుండీలోనే మూడేసి గింజలు పెట్టండి. వాన పడే దాకా కుండీ ఖాళీ లేకపోతేనే కప్పు. రెండు అసలు ఆకులు రాగానే, 12–15 రోజుల్లో నాటెయ్యాలి. మూడో ఆకు, తీగ కొస కనిపించాయంటే ఆలస్యమైనట్టే. అప్పుడు నాటితే వారం అట్లనే బిక్కుబిక్కుమని కూర్చుంటది.

వీటికి బాగా కుదిరేది కొబ్బరి చిప్ప. మూడు కన్నులున్న సగం తీసుకోండి. మూడింటిలో ఒకటి మెత్తగా ఉంటది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పొక్క తయార్. కన్నులు లేని సగానికి డ్రిల్లు కావాలి, సుత్తి, మొలతో కొడితే పగుల్తది. నాటేటప్పుడు చిప్పను బోర్లించి అరచేతిలో తడితే మట్టి ముద్ద చెక్కుచెదరకుండా వస్తది, ఎందుకంటే దాని ఆకారమే పైకి వెడల్పు. నోరు సన్నంగా, కడుపు లావుగా ఉన్న ఏ డబ్బాలోనూ నారు పోయొద్దు. బయటికి రాదు.

మోదుగాకు దొప్పలు కూడా తీగజాతికి సరిపోతాయి. తడికి పది పన్నెండు రోజులకు మెత్తబడతాయి, అంతలోపలే మొక్క నాటే వయసుకు వస్తది. దొప్పతో సహా పెట్టి అడుగు కొంచెం చింపితే చాలు. పుల్ల గుచ్చిన చోట్ల నుంచి నీళ్లు పోతాయి కాబట్టి పొక్క అక్కర్లేదు. మిర్చికి మాత్రం దొప్ప వద్దు, 40 రోజులు ఆగదు.

న్యూస్ పేపర్ గొట్టాలు: సగం షీటును పొడుగ్గా మడిచి స్టీలు గ్లాసు చుట్టూ చుట్టి, అడుగున మడతలు లోపలికి వత్తండి. ఒక్కోటి విడిగా పెడితే గాలికి ఎండిపోతుంది. ట్రేలో ఒకదానికొకటి ఆనించి పెట్టాలి.

ఓరుగల్లు_ఆకుకూర · మే 23, ఉదయం 6:55

మరి దుకాణంలో అమ్మే పీచు కుండీలు? అవీ మొక్కతో సహా నాటేవే కదా.

ఖని_పందిరి · మే 23, ఉదయం 7:30

నాటొచ్చు, రెండు పనులు చేస్తేనే. ఒకటి, అంచు. కుండీ అంచు మట్టి పైకి అర అంగుళం తేలినా అది ఒత్తిలాగా లోపలి తడిని గాలికి గుంజేస్తుంది. చుట్టూ నేల తడిగా ఉన్నా మొక్క వాడుతుంది. అంచు కత్తిరించాలి లేదా మొత్తం మట్టిలో ముంచాలి. రెండు, అడుగు. మన నల్లరేగడి తడిస్తే బంక, ఎండితే రాయి. వేరు పీచును చీల్చుకుని అందులోకి పోవాలంటే కష్టం. నాటే ముందు కుండీని నీళ్లలో ముంచి, అడుగు పూర్తిగా కోసేసి, పక్కల రెండు నిలువు గాట్లు పెట్టండి. ఎర్ర చెలక, కుండీ మట్టి అయితే కొంచెం నయం.

నా లెక్కలో డబ్బు ఎక్కువ, లాభం తక్కువ.

మిద్దెతోట_హన్మకొండ · మే 23, ఉదయం 9:15

డబ్బాలు తేలినట్టే. లోపల ఏం నింపాలి? మా దగ్గర కోకోపీట్ ఇటుక 650 గ్రాములది ఒకటి, వర్మీ కంపోస్టు ఒక బస్తా ఉంది.

తడిపొడి_కాజీపేట · మే 23, ఉదయం 10:40

650 గ్రాముల ఇటుకకు 3.5–4 లీటర్ల నీళ్లు. అరగంటలో విచ్చుకుని 8–9 లీటర్ల పొట్టు అవుతుంది. 98 ట్రేలు రెండు మూడు నిండుతాయి, మీ అవసరానికి మించే ఉంది.

కడగకుండా వాడొద్దు, కొన్ని ఇటుకల్లో ఉప్పు ఎక్కువ. పాత బనియన్ గుడ్డలో మూట కట్టి, నీళ్లు పోసి పిండండి, రెండు మూడుసార్లు. డికాక్షన్ రంగు తగ్గడం ఉప్పు పోయిందనడానికి గుర్తు కాదు. ఆర్.ఓ. బాగుచేసే అబ్బాయి తెచ్చే టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన ఉప్పులు కొలిచేది) ఉంటే పిండిన నీళ్లలో పెట్టండి. మీరు పోసిన నీళ్ల రీడింగు కంటే 200–300 పైన ఉంటే ఇంకోసారి కడగాలి. ఆర్.ఓ. నుంచి వచ్చే వృథా నీళ్లు మాత్రం మొలకలకు అసలే వద్దు, ఉప్పంతా అందులోనే చేరి ఉంటుంది. నల్లా నీళ్లో వాన నీళ్లో మేలు.

రెండు పాళ్లు పొట్టు, ఒక పాలు జల్లించిన వర్మీ కంపోస్టు. గోధుమపిండి జల్లెడ కాదు, ఇసుక జల్లెడ. పిడికిట పట్టి గట్టిగా పిండితే వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కారితే తడి ఎక్కువ, విప్పగానే రాలిపోతే తక్కువ. నల్లమట్టి కప్పుల్లో కలపొద్దు, ఎండితే నెర్రెలిచ్చి వేర్లను తెంపుతుంది. పచ్చి పెంట కూడా వద్దు.

నింపాక వేలితో అదమకండి. ట్రేను నేల మీద రెండుసార్లు తట్టి, కుంగిన చోట మళ్లీ నింపండి.

నారుమడి_పరకాల · మే 23, ఉదయం 11:25

విత్తే వరుస రాస్తున్నా. గడి నడుమ అర సెంటీమీటరు గుంత, ఒక్క గింజ (కప్పయితే రెండు, తర్వాత బలహీనమైనది కత్తెరతో కత్తిరించాలి, పీకొద్దు). పైన అదే పొట్టు పల్చగా. రంగు పూసిన హైబ్రిడ్ విత్తనాలకు మందు పట్టించి ఉంటుంది. పిల్లల చేతికివ్వొద్దు, వేసినాక చేతులు కడుక్కోవాలి. రంగు లేని సొంత విత్తనానికి ట్రైకోడెర్మా (నారుకుళ్లును ఆపే మేలు చేసే శిలీంధ్రం) పొడి చిటికెడు పట్టించండి (కిలో విత్తనానికి 4–5 గ్రాముల లెక్క).

నర్సరీలో పది ట్రేలు ఒకదానిమీదొకటి పేర్చి పాలిథిన్ కప్పుతారు. ఇంట్లో ఒక్క ట్రే అయితే పైన తడి గోనెసంచి, లేదా పాలిథిన్ కప్పి నీడలో పెట్టండి. ఎండలో పాలిథిన్ కింద పెడితే విత్తనం ఉడుకుతుంది. మొలవడానికి టమాట 5–7 రోజులు, వంకాయ 7–10, మిర్చి 8–12. మూడో రోజు నుంచి పొద్దున, సాయంత్రం ఎత్తి చూడాలి. ఒక్క మొలక వంకర మెడ బయటపెట్టినా పైన కప్పింది తీసేయాలి. మిగతావి వస్తాయిలే అని ఒక్కరోజు ఆగితే ముందు వచ్చినవి తెల్లగా దారంలా సాగిపోతాయి. ఆ నారు మళ్లీ గట్టిపడదు. అందుకే టమాట, మిర్చి ఒకే ట్రేలో వేయకండి. టమాటకు పైన కప్పింది తీయాల్సిన రోజు మిర్చి ఇంకా లోపలే ఉంటుంది. డబ్బాలు విడివిడిగా ఉంటే ఈ తలనొప్పే లేదు.

మొలిచాక ట్రేను నేల మీద పెట్టొద్దు. రెండు ఇటుకల మీదో స్టాండు మీదో పెడితే అడుగు పొక్కలోంచి వచ్చిన వేరు కొస గాలికి ఎండి ఆగుతుంది, లోపల పక్కవేర్లు పుడతాయి. నేల మీదుంటే వేరు బయటికి పాకుతుంది, ఎత్తినప్పుడు తెగుతుంది. నున్నటి గుండ్రటి కప్పుల్లో వేరు గోడ వెంట చుట్టలు చుడుతుంది. అందుకే మిర్చిని అందులో 40 రోజులు దాటనీయొద్దు.

మేత: 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే నీళ్లలో కరిగే ఎరువు) లీటరుకు 2–3 గ్రాములు, 12వ రోజు ఒకసారి, 20వ రోజు ఒకసారి. మీరు వర్మీ కలుపుతున్నారు కాబట్టి మొదటిది మానేసినా పర్వాలేదు.

గురిగి · మే 23, మధ్యాహ్నం 1:05

మొలకలు నేల దగ్గర నడుము సన్నబడి పడిపోతే? నీళ్లు తక్కువై కాదు కదా?

నారుమడి_పరకాల · మే 23, మధ్యాహ్నం 1:20

కాదు. అది నారుకుళ్లు. కాండం మట్టిని తాకే చోట తడికి నానినట్టు గోధుమరంగు తిరిగి దారంలా అవుతుంది, పైఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి. పడినవి తీసి దూరంగా పారేయండి, నీళ్లు ఆపండి, గాలి తగలనీయండి. మిగిలినవాటికి కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి మొదళ్లు తడిసేలా పోయాలి. రాగి మందు పోసిన వారంలో ట్రైకోడెర్మా వేయొద్దు, అదీ శిలీంధ్రమే, రాగికి చస్తుంది.

విడి కప్పుల లాభం ఇక్కడా ఉంది. జబ్బు ఒక కప్పులోనే ఆగుతుంది. ఒకే టబ్బులో చల్లి పోసిన నారులో రెండు రోజుల్లో చాప పరిచినట్టు పోతుంది. పాత డబ్బాలు మళ్లీ వాడాలంటే మట్టి రుద్ది కడిగి, బట్టలకు వాడే బ్లీచు ఒక పాలు, నీళ్లు తొమ్మిది పాళ్లు కలిపి పది నిమిషాలు ముంచి, మంచినీళ్లతో కడిగి ఎండబెట్టండి. మట్టి ఉండగా బ్లీచులో ముంచితే పని చేయదు.

చెలక_జనగామ · మే 23, మధ్యాహ్నం 3:33

హన్మకొండ అంటున్నరు, కోతుల సంగతి మరిచిన్రా? తేలికైన కప్పులు ఒక్కొక్కటి ఎత్తి ఇసిరికొడతయి. అన్నిటిని పండ్ల క్రేటుల పెట్టి మీద ఇంకో క్రేటు బోర్లించి తీగతోని కట్టుండ్రి. వెలుతురు, గాలి రెండూ ఆడతయి, ఉడుత కూడా రాదు. చీమలకు క్రేటు కింద నాలుగు మూలలకు నీళ్లు పోసిన గిన్నెలు. బంతి, తోటకూర గింజలను ఎర్రచీమలు మోసుకపోతయి, మొలవలేదనుకుంటరు.

మిద్దెతోట_హన్మకొండ · మే 23, రాత్రి 9:05

నా లెక్క ఇదీ, తప్పుంటే చెప్పండి:

టమాట: చాయ్ కప్పులు 15, కప్పుకు రెండు గింజలు.
మిర్చి: పెరుగు డబ్బాలు 12.
వంకాయ: పెరుగు డబ్బాలు 8.
సొర, బీర, కాకర: కొబ్బరి చిప్పలు 9.
బంతి: 98 ట్రే ఒకటి, సగం నింపుతా.
అన్నీ జూన్ 8న ఒకేసారి.

ఖని_పందిరి · మే 23, రాత్రి 9:40

చివరి లైను తప్ప అంతా బాగుంది. అన్నీ ఒకేరోజు వద్దు. మిర్చి, వంకాయ ముందు వేయండి, అవే ఎక్కువ రోజులు తింటాయి. టమాట రెండు వారాల తర్వాత. తీగజాతి వాన నమ్మకంగా పడి కుండీలు సిద్ధమయ్యాక. కాకర గింజ పెంకు మందం, రాత్రి నీళ్లలో నానబెట్టి తడి గుడ్డలో కట్టి, మొలక మొన కనబడ్డాక చిప్పలో పెట్టండి. మొన కిందికి.

బంతి జూన్‌లో వేస్తే బతుకమ్మకు ముందే పూసి అయిపోతుంది. రకాన్ని బట్టి విత్తిన 60–75 రోజులకు పూత. పండుగ తేదీ చూసుకుని వెనక్కి లెక్కపెట్టండి, జూలైలోనో ఆగస్టు మొదట్లోనో వస్తుంది.

గురిగి · మే 23, రాత్రి 10:02

చపాటా, మామూలు మిర్చి డబ్బాలకు పేర్లు రాయండి. మార్కర్ ఎండకు వెలిసిపోతుంది, మామూలు పెన్సిలుతో ఐస్‌క్రీం పుల్ల మీద రాస్తే ఉంటుంది. నారు దశలో రెండూ ఒక్కలాగే కనబడతాయి. చపాటాకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి ఇప్పుడు ఆ పేరుతో ఏ గింజైనా అమ్ముతారు, కాయ పొట్టిగా లావుగా టమాటలా వచ్చేదాకా తేలదు.

ఓరుగల్లు_ఆకుకూర · మే 24, ఉదయం 6:48

ఇవన్నీ నేర్పే చోటు ఏదైనా ఉందా? హార్టికల్చర్ యూనివర్సిటీ ములుగులో ఉందంటారు, మన ములుగేనా?

తడిపొడి_కాజీపేట · మే 24, ఉదయం 7:20

కాదండి, అది సిద్దిపేట జిల్లా ములుగు. బస్సెక్కేముందు చూసుకోండి. మనకు దగ్గరిది వరంగల్‌లో ములుగు రోడ్డు మీదున్న వ్యవసాయ పరిశోధనా స్థానం.

మిద్దెతోట_హన్మకొండ · మే 24, ఉదయం 8:10

అర్థమైంది, మిర్చి, వంకాయ ముందు. ఒక్కటి మిగిలింది: డబ్బాలోంచి నారు తీసేటప్పుడు ముద్ద విరిగితే ఏం చేయాలి?

చెలక_జనగామ · మే 24, ఉదయం 8:35

విరగకుండ తీయాలె. నాటే వారం ముందు నుంచి నీళ్లు తగ్గియ్యి, ఎండ కొంచెం కొంచెం పెంచు. నాటే రోజు ఓ గంట ముందు తడుపు. పొడిగ ఉంటే ముద్ద రాలుతది, అప్పుడే పోస్తే బురద జారుతది. ట్రే అయితే అడుగు పొక్కల నుంచి పెన్సిలు మొద్దు కొసతోని నెట్టు. పెరుగు డబ్బా అయితే పక్కలు రెండు దిక్కుల నొక్కి, రెండు వేళ్ల నడుమ మొక్కను పెట్టి బోర్లించు. కాండం పట్టి గుంజొద్దు, పట్టాల్సి వస్తే ఆకు పట్టు. ఆకు పోతే ఇంకోటి వస్తది, కాండం నలిగితే మొక్కనే పాయె. వేర్లు అడుగున చుట్టలు చుట్టి ఉంటే వేలితో ఆ చుట్టను కొంచెం విడదియ్యి. సాయంత్రం అయిదు దాటినాక నాటు. అయినా ముద్ద విరిగితే కింది ఆకులు రెండు తుంచి, నాటినంక మూడు రోజులు మీద గంప బోర్లియ్యి.